అప్‌డేట్: సిగ్మా ఫోర్స్ మొదలుపెట్టా, వదలబుద్ధి కావట్లేదు

జేమ్స్ రోలిన్స్ రాసిన థ్రిల్లర్ నవలల సిరీస్ సిగ్మా ఫోర్స్ ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని పోయిన నెల అడిగా కదా, 2004లో వచ్చిన శాండ్‌స్టార్మ్ నుంచే చదవమన్నారు, చాలా థ్యాంక్సండి. బ్రిటిష్ మ్యూజియంలో పేలుడుతో మొదలై ఒమన్ ఎడారిలో మరుగునపడ్డ ఉబార్ నగరం దాకా పరిగెత్తించాడు, రాత్రి రెండైనా పక్కన పెట్టలేకపోయా. తర్వాత మ్యాప్ ఆఫ్ బోన్స్ కూడా అయిపోయింది, జర్మనీలోని కొలోన్ కెథెడ్రల్ సీన్ చదువుతుంటే చేతిలో టీ చల్లారి మీగడ కట్టేసింది! అన్నిటికన్నా నాకు నచ్చింది, చివర్లో ఏది నిజం ఏది కల్పన అని ఆయనే విడమర్చి చెప్పడం. ఒకప్పుడు పశువుల డాక్టరట, సైన్సు మీద ఆ ప్రేమ పేజీపేజీకీ తెలుస్తుంది. తర్వాతి పుస్తకం ‘బ్లాక్ ఆర్డర్’కి కూడా ఆర్డర్ పెట్టేశా, రేపొస్తుంది.