పిత్తాశయం తీసివేసి మధ్యాహ్నానికే ఇంటికి పంపుతారట, ఆ రాత్రి ఎలా గడుస్తుంది?

ప్రశ్న

నమస్కారం. నా వయసు 41, డల్లస్‌లో ఉంటున్నాను. భోజనం చేసిన గంట, రెండు గంటలకు కుడి డొక్కలో మొదలై వీపు దాకా పాకే నొప్పి ఆరు నెలలుగా వేధిస్తుండడంతో స్కానింగ్ చేయించుకోగా పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. రెండు వారాల్లో ల్యాప్రోస్కోపీ పద్ధతిలో, అంటే పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి, పిత్తాశయాన్ని తీసివేస్తామని, తెల్లవారి ఆరింటికి వస్తే మధ్యాహ్నానికి ఇంటికి వెళ్లిపోవచ్చని సర్జన్ చెప్పారు. విజయవాడలో ఉన్న మా అమ్మకు ఈ మాట చెప్పినప్పటి నుంచి నిద్ర లేదు. మా పిన్నికి పాతికేళ్ల క్రితం ఇదే ఆపరేషన్ పొట్ట కోసి చేసి వారం రోజులు ఆసుపత్రిలోనే ఉంచారు కాబట్టి, ఒక అవయవాన్ని తీసేసి పూట గడవకుండా పంపించడమేమిటని ఆమె అడుగుతోంది. కొండపిండి ఆకు వండుకుని తింటే రాళ్లు కరిగిపోతాయి కదా అని కూడా అంటోంది. ఇంట్లో నేను, మా వారు, ఏడేళ్ల పాప మాత్రమే ఉంటాము. ఆ మొదటి రాత్రి గురించి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (న్యూజెర్సీ నుంచి)

నమస్తే అండి. నాకు నిరుడు మార్చిలో ఇదే ఆపరేషన్ జరిగింది. ఏడున్నరకు లోపలికి తీసుకువెళ్లారు, తొమ్మిది దాటాక మెలకువ వచ్చింది, ఒంటిగంటకు కారెక్కాను. అయితే ఊరికే పంపించలేదు. తాగిన నీళ్లు వాంతి కాకుండా నిలిచాయా, లేచి నాలుగడుగులు వేయగలిగానా, మూత్రం వచ్చిందా, నొప్పి మాత్రలతో అదుపులో ఉందా అన్నవన్నీ చూశాకే కాగితాలు చేతికిచ్చారు. వెంట పెద్దవారెవరైనా ఉండి తీరాలి. ఉబర్ పిలుచుకుని ఒంటరిగా వెళ్తానంటే ఒప్పుకోరు.

కోతల నొప్పికి సిద్ధపడి వెళ్లిన నన్ను ఆ రాత్రి కుడి భుజం ఏడిపించింది. దాని గురించి ముందే తెలిసి ఉంటే గుండెకేదో అయిందని మా వారు అంత కంగారు పడేవారు కాదు. తిన్నగా వెల్లకిలా పడుకోలేక రెండు రాత్రులు రిక్లైనర్‌లోనే నిద్రపోయాను. మంచం మీదే పడుకునేట్టయితే, లేచేటప్పుడు ముందు ఒక పక్కకు ఒత్తిగిలి, చేతిని ఊతం చేసుకుని లేవండి. దగ్గు వస్తే పొట్టకు దిండు అదుముకోండి. వాళ్లిచ్చే బలమైన నొప్పి మాత్రలు మలబద్ధకం చేస్తాయి. మూడో రోజు నేను పడ్డ అవస్థ కోతల కన్నా ఎక్కువే. ఇంకో మాట: సర్జన్, మత్తు డాక్టరు, ఆసుపత్రి, పిత్తాశయాన్ని పరీక్షించిన ల్యాబ్, నలుగురూ వేర్వేరుగా బిల్లులు పంపారు.

జవాబు 2 (మత్తు వైద్యుడిని, హైదరాబాద్)

ముందుగా మీ అమ్మగారి సందేహం. కొండపిండి ఆకును మనవాళ్లు వాడేది మూత్రపిండాల్లో రాళ్లకు. పిత్తాశయంలోని రాళ్లు వేరు. అవి చాలావరకు కొలెస్ట్రాల్‌తో, పైత్యరసంలోని రంగు పదార్థంతో ఏర్పడతాయి, మూత్రంలో కొట్టుకుపోయే దారి వాటికి లేదు. రాళ్లను మాత్రమే తీసి సంచిని వదిలేస్తే మళ్లీ తయారవుతాయి కాబట్టి సంచినే తీస్తారు. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం; పిత్తాశయం దానిని నిల్వ ఉంచి చిక్కబరిచే సంచి మాత్రమే కనుక, అది లేకపోయినా రసం నేరుగా పేగులోకి చేరుతూనే ఉంటుంది.

పిన్నిగారిని వారం రోజులు ఉంచింది పక్కటెముకల కింద కోసిన పెద్ద కోత వల్ల. ఇప్పుడు సాధారణంగా నాలుగు చిన్న రంధ్రాలు పెడతారు, వాటిలో పెద్దది ఒక సెంటీమీటరు ఉంటుంది. లోపల చోటు కోసం పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. మిగిలిపోయిన ఆ వాయువు ఉదరవితానాన్ని (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొరను) చికాకు పెట్టినప్పుడు, దాని నరమూ భుజం నరాలూ మెడలో ఒకే చోట వెన్నుపామును చేరుతాయి కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, నడిస్తే ఇంకా త్వరగా తగ్గుతుంది. అయితే ఛాతీ బిగబట్టినట్టున్నా, ఊపిరాడకపోయినా అది వాయువేనని సరిపెట్టుకోకుండా 911కు ఫోన్ చేయండి.

ఆపరేషన్‌కు ముందు ఉండాల్సిన ఉపవాసం విషయంలో మీ ఆసుపత్రి చెప్పిన సమయమే పాటించండి. పాలు కలిపిన కాఫీ నీళ్ల లెక్కలోకి రాదు. మా దగ్గర వాయిదా పడే ఆపరేషన్లలో కొన్ని ఆ అర గ్లాసు కాఫీ పుణ్యమే. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు, బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడుతుంటే ఇప్పుడే చెప్పండి.

కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం, 101 డిగ్రీలు దాటిన జ్వరం, తగ్గాల్సిన పొట్టనొప్పి రోజురోజుకూ పెరగడం, ఆగని వాంతులు, వీటిలో ఏది కనిపించినా తెల్లవారే దాకా ఆగకూడదు. పైత్యనాళానికి గాయం కావడం అరుదు, కానీ జరిగినప్పుడు ఈ రూపాల్లోనే బయటపడుతుంది. రాత్రి ఏ నంబరుకు ఫోన్ చేయాలో మీ వారి ఫోన్‌లో ముందే ఎక్కించి పెట్టండి.

జవాబు 3 (విశాఖపట్నం నుంచి)

నన్నూ సాయంత్రానికి పంపిస్తామన్నారు, కానీ వాంతులు తగ్గక ఒక రాత్రి ఉంచేశారు. పిత్తాశయం బాగా అతుక్కుపోయి ఉంటే రంధ్రాల పద్ధతి వదిలి పొట్ట కోయవలసి రావచ్చని సంతకం పెట్టించుకునేటప్పుడే చెప్పారు. కాబట్టి ఒక రాత్రికి సరిపడా బట్టలు కారులో ఉంచుకోండి, పాపను ఆ రాత్రి చూసుకునేవారిని కూడా ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇక్కడ చదివేవారికి ఒక సూచన: మన ఆరోగ్య బీమాల్లో చాలావాటికి ఈ జబ్బు మీద రెండేళ్ల వేచివుండే గడువు ఉంటుంది కనుక, తేదీ ఖాయం చేసుకునే ముందే పాలసీ చూసుకోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. భుజం సంగతి మా వారికి ఇప్పుడే చదివి వినిపించాను. పథ్యం మాటేమిటి? పప్పు తింటే కుట్లు చీము పడతాయని, నెల రోజులు చారన్నమే తినమని అమ్మ అంటోంది.

జవాబు 2 వైద్యుడే మళ్లీ

పప్పుకూ చీముకూ సంబంధం లేదండి; గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పు తినండి. మొదటి రెండు రోజులు చారన్నం, ఇడ్లీ, వెన్న తీసిన మజ్జిగ హాయిగా ఉంటాయి. తర్వాత నూనె, నెయ్యి కొద్దికొద్దిగా పెంచుకుంటూ, ఏది పడుతుందో చూసుకోండి. కొందరికి కొన్ని వారాలు విరేచనాలు పలచగా అవుతాయి, ఎక్కువమందిలో అది సర్దుకుంటుంది. నొప్పి మాత్రలు వాడుతున్నన్నాళ్లూ కారు నడపవద్దు. ఇక పాపను ఎత్తుకోవడం మాత్రం నాలుగు నుంచి ఆరు వారాలు పూర్తిగా మానండి, తనంతట తానే సోఫా ఎక్కి మీ పక్కన కూర్చోమనండి.