ఆర్‌సీ (రిమోట్‌తో నడిచే బొమ్మ) లాంచీలో బ్లూటూత్ స్పీకర్: నదిలో లోపలికి వెళ్తే సౌండ్ తెగిపోతోంది

లాంచీ పిచ్చోడు, విజయవాడ:
పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి తిరిగే లాంచీల పద్ధతిలో మూడడుగుల బోటు కట్టాను. తిరగడం బాగానే తిరుగుతోంది, కానీ చిన్న మోటారు కీచుమంటుంటే అది లాంచీ ఎలా అవుతుందండీ? ఘాట్‌లో నిలబడి అసలు ఇంజన్ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, కేబిన్‌లో బ్లూటూత్ స్పీకర్ పెట్టాను. ఒడ్డున ఉన్నంతసేపూ డుగుడుగుమని బ్రహ్మాండం. ఐదారు బారలు దాటిందా, సౌండ్ తెగితెగి వచ్చి ఆగిపోతోంది. రిమోటూ 2.4 గిగాహెర్ట్జే, బ్లూటూతూ అదే. రెండూ కొట్టుకుంటున్నాయా? సౌండ్ పోతే పోయింది, రిమోట్ కూడా పోతే బోటు బ్యారేజీ వైపు కొట్టుకుపోతుందని టెన్షన్.

డెక్కు మేస్త్రి, గుంటూరు:
ఒకే బ్యాండయినా రెండూ ఛానెళ్లు మార్చుకుంటూ పోతాయి కాబట్టి మామూలుగా సర్దుకుంటాయి. మీ ఇబ్బంది దూరంతో. ఇలాంటి చిన్న స్పీకర్లకు సుమారు 10 మీటర్లే లెక్క. అదీ గదిలో. నీటిమట్టానికి జానెడు ఎత్తులో సిగ్నల్ ఇంకా తొందరగా నీరసిస్తుంది. ఫోన్‌ను ఒడ్డునే వదిలేసి, మెమరీ కార్డు పెట్టుకునే స్పీకర్ వాడండి. పాట బోటులోనే ఉంటే తెగేదేముంది? బోటులో రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ యాంటెన్నా తీగను మాత్రం స్పీకర్‌కి దూరంగా, కేబిన్ పైకప్పు దాకా నిలబెట్టండి. సిగ్నల్ పోతే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టారా? అది లేకుండా కృష్ణలో దింపొద్దు.

కేబుల్ తమ్ముడు:
కార్డు స్పీకర్ ఒకటే స్పీడులో మోగుతుంది అన్నా. త్రాటిల్‌తో (రిమోట్‌లో స్పీడు పెంచే పుల్లతో) పాటు ఇంజన్ చప్పుడు పెరగాలంటే ఆర్డుయినో నానో అనే కోడు రాసుకునే చిన్న బోర్డు పెట్టు. రిసీవర్ పంపే సిగ్నల్ (పల్స్) నిడివి స్పీడును బట్టి 1000 నుంచి 2000 మైక్రోసెకన్ల మధ్య ఉంటుంది, దాన్ని చదివి డీఎఫ్‌ప్లేయర్ మినీలో (కార్డులోని పాటలు మోగించే బుల్లి బోర్డులో) ఫైలు మార్చేలా కోడు రాసుకోవచ్చు. ఆ డీఎఫ్‌ప్లేయర్‌లోనే 3 వాట్ల ఆంప్లిఫయర్ ఉంది. స్పీకర్ మూతి పైకి పెట్టి, పొగగొట్టం కింద కన్నం చెయ్యి.

లాంచీ పిచ్చోడు:
ఫెయిల్‌సేఫ్ పెట్టేశాను మేస్త్రి గారూ. కార్డు స్పీకర్‌తో సౌండ్ ఎంత దూరమైనా ఆగడం లేదు. కాకపోతే ఫైలు తిరిగి మొదలైనప్పుడల్లా చిన్న గ్యాప్, ఇంజన్‌కి ఎక్కిళ్లు వచ్చినట్టు. ఆర్డుయినో సంగతి దసరా సెలవుల్లో చూస్తా తమ్ముడూ.

డెక్కు మేస్త్రి:
ఎంపీ3లో మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. అదే చప్పుడును వరసగా అతికించి అరగంట ఫైలు చేసుకోండి. ఈలోగా బ్యాటరీయే అయిపోతుంది.