విజయనగరంలో ఉండి దక్షిణ ధ్రువం నడకకు తయారవడం ఎలా?

గంటస్తంభం:
వచ్చే డిసెంబరులో అంటార్కిటికా ‘లాస్ట్ డిగ్రీ’ నడకకు పేరిచ్చాను. 89 డిగ్రీల దగ్గర విమానం దింపేస్తుంది. అక్కణ్ణుంచి ధ్రువం దాకా 111 కిలోమీటర్లు స్కీల మీద, ఎవరి సామాన్ల స్లెడ్జి వాళ్లే లాక్కుంటూ వెళ్లాలి. ఉండేదేమో విజయనగరం, పుల్ల ఐసు తప్ప మంచు చూడని ఊరు. టైరు లాగమంటున్నారు. ఎంత బరువు, ఎక్కడ, ఎంతసేపు? తిండి ఇక్కడినుంచి పట్టుకెళ్లొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

చింతపల్లి ఇసుక:
ముందే లారీ టైరు జోలికి పోకండి. పాత కారు టైరు 8–10 కిలోలుంటుంది, పంక్చర్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు. రెండు కట్టి మొదలెట్టండి. చూడాల్సింది బరువు కాదు, లాగుడు. తాడుకీ నడుం బెల్టుకీ మధ్య స్ప్రింగ్ కాటా తగిలించి నడిస్తే అదెంతో తెలుస్తుంది. ఇసుక మీద టైరు తన బరువులో సగం దాకా లాగుడు అడుగుతుంది, స్లెడ్జి మంచు మీద అంత అడగదు. కాబట్టి 20 కిలోల టైర్లు చాలు. అలాగని మంచు జారిపోతుందనుకోవద్దు. మైనస్ 30లో మంచు పైనుండే జారుడు పొర బాగా పలచబడి, స్లెడ్జిని ఇసుకంత కాకపోయినా గట్టిగానే పట్టేస్తుంది.

తాడు 3 మీటర్లుండాలి. పొట్టి తాడైతే టైరు ముందు భాగం పైకి లేచి లాగుడు తగ్గిపోతుంది, ప్రాక్టీసు దండగ. బెల్టు తుంటి ఎముక మీద కూర్చోవాలి, భుజాల పట్టీలు అది జారకుండా ఉండటానికే. మొదట్లో చింతపల్లి బీచిలో తడి ఇసుక మీద లాగి, నెల తర్వాత పొడి ఇసుకలోకి రండి. ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది కనక ఒకే వైపు నడిస్తే ఒక మోకాలే దెబ్బతింటుంది. ఎంత దూరం వెళ్తే అంత దూరం అదే దారిన తిరిగి రావాలి.

50 నిమిషాలు లాగడం, 10 నిమిషాలు ఆగి తినడం, తాగడం. అది ఒక రౌండు. మూడు రౌండ్లతో మొదలెట్టి ఆరేడుకి తీసుకెళ్లండి, వారానికి పదో వంతుకి మించి పెంచొద్దు. తొందరపడితే ముందు పోయేది మడమ వెనక నరమే. ఒక్క రోజు బాగా కష్టపడటం కన్నా వరుసగా రెండు రోజులు లాగడం మేలు, అక్కడ రెండో రోజు సెలవుండదు మరి. స్కీ మాత్రం ఇక్కడ రాదు. ఔలీయో, గుల్మార్గో వెళ్లాల్సిందే.

పలాస గింజ:
తిండి నేను చెప్తాను. ధ్రువం ఎత్తు 2,835 మీటర్లు. గాలి ఒత్తిడి అంత ఎత్తున్న మన కొండల మీదకన్నా అక్కడ ఇంకా తక్కువ. నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. బియ్యం, పప్పు వండాలని చూస్తే ఇంధనం తగలేసుకోవడమే. వేడినీళ్లు పోసి మూత పెడితే అయిపోయేవే కావాలి. మన అటుకులు అందుకు బ్రహ్మాండం. రోజుకి 5,000 కిలోకేలరీలు, కిలోకి అటూ ఇటూ తిండిలో సర్దాలంటే కొవ్వే దిక్కు. వంద గ్రాముల నెయ్యిలో 900 దగ్గర, జీడిపప్పులో 550కి పైన ఉంటాయి. బెల్లం అచ్చులు వద్దు, తేమ ఉంటుంది కనక రాయైపోతాయి. ఏం పట్టుకెళ్లినా ముందు ఒక రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి కొరికి చూడండి. పన్ను విరిగితే అక్కడ డాక్టరు లేడు. అంటార్కిటికా విమానం ఎక్కేది చిలీలోని పుంతా అరెనాస్ ఊళ్లో. చిలీలో దిగేటప్పుడు గింజలు, పాల పదార్థాలు డిక్లేర్ చేయాలి, లాగేసుకోవచ్చు కూడా. నెయ్యికి బదులు వెన్న, గింజలు పుంతా అరెనాస్‌లోనే కొనడం సుఖం.

మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున ముందు రెండంగుళాల నీళ్లుండాలి, లేకపోతే గిన్నె మాడి నీళ్లు కాలిన కంపు కొడతాయి. మనిషికి రోజుకి 4–5 లీటర్ల నీళ్లు, దానికి 200–250 మిల్లీలీటర్ల వైట్ గ్యాస్ (స్టవ్‌లో పోసే శుభ్రమైన పెట్రోలు లాంటి ఇంధనం). టెంటు పైన గాలి పోయే కన్నం తెరవకుండా స్టవ్ ముట్టించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు. ఇంధనం సీసాల మూత వాషర్లు రోజూ చూడండి. 1912లో ధ్రువం నుంచి తిరిగొస్తున్న బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందానికి దారిలో దాచిన డబ్బాల్లో ఇంధనం తరిగిపోయి కనిపించింది. ధ్రువం మొదట చేరిన నార్వే అన్వేషకుడు అముండ్‌సెన్ తన డబ్బాలకి ముందే టంకం వేయించాడు.

నాగావళి:
అందరూ చలి చలి అంటారుగానీ అసలు గండం చెమట. తడిసిన బట్ట ఆగిన ఐదు నిమిషాల్లో గడ్డకడుతుంది. బయల్దేరినప్పుడు కాస్త వణుకు ఉండాలి, హాయిగా ఉందంటే ఒక పొర ఎక్కువైనట్టే. ఆగగానే మొదట డౌన్ జాకెట్, తర్వాతే ఫ్లాస్కు. సన్న మేజోడుకీ మందం మేజోడుకీ మధ్య ప్లాస్టిక్ సంచి తొడిగితే పాదం చెమట బూటులోకి పోదు. ఆగిన ప్రతిసారీ పక్కవాడి ముక్కు, బుగ్గలు చూడాలి. చలికి చర్మం గడ్డకట్టి తెల్లమచ్చ పడితే, పడినవాడికి తెలీదు. రొయ్యల కోల్డ్ స్టోరేజిలో ఎవరైనా తెలిసుంటే, మైనస్ 18లో పెద్ద గ్లవ్స్‌తోనే జిప్పులు, ముడులు ప్రాక్టీసు చేయండి.

గంటస్తంభం:
టైర్లు రేపే తెస్తాను. మనసు సంగతేంటి? ఇంట్లోవాళ్ల భయం అదే.

వంశధార ఒడ్డు:
మనసుకి పని పెట్టాలి బాబూ, దానికదే కుదురుగా ఉండదు. గంటకొకరు ముందు నడవాలి. ముందున్నవాడు నీడ చూసి దారి పట్టాలి. అక్కడి వేసవిలో సూర్యుడు అస్తమించడు, గంటకి 15 డిగ్రీలు తిరుగుతాడు. దక్షిణానికి నడిచేవాడికి మీరున్న రేఖాంశపు మధ్యాహ్నం నీడ తిన్నగా ముందుంటుంది, అంతకు ముందు కుడిపక్క, తర్వాత ఎడమపక్క. మబ్బు కమ్మి నేలా నింగీ ఒకటైపోతే దిక్సూచి తప్ప ఏటీ కనిపించదు, అప్పుడు గంట దాటి ఎవరినీ ముందుంచకండి. టెంటులో ఎవరి పని వాళ్లకే రాసిపెట్టండి, తగువులన్నీ ‘ఎవరు చేస్తారు’ దగ్గరే వస్తాయి. మొదటి రెండు రోజులు ఎత్తుకి తలనొప్పి వస్తుంది, నడక తక్కువ పెట్టండి.

అసలైంది వెనక్కి తిరగడం. బ్రిటిష్ అన్వేషకుడు షాకల్టన్ 1909 జనవరి 9న ధ్రువం ఇంకా 180 కిలోమీటర్లుందనగా తిరిగిపోయాడు, అతనితో కలిపి వెళ్లిన నలుగురూ బతికారు. బ్రిటిష్ సాహసి హెన్రీ వర్స్‌లీ ఖండం దాటుతూ 71 రోజులు ఒంటరిగా నడిచి, గమ్యం దగ్గరపడ్డాక తీసుకెళ్లమని విమానం పిలిచాడు. పొట్టలో ఇన్ఫెక్షన్ అప్పటికే ముదిరిపోయింది, 2016 జనవరిలో చిలీ ఆసుపత్రిలో పోయాడు. అలసటకీ జబ్బుకీ తేడా అక్కడ మీకు తెలీదు. అందుకే ఇంట్లో ఉండగానే రాసీండి: తగ్గని కడుపునొప్పి, బొబ్బలెక్కిన వేళ్లు, కూర్చున్నా ఆయాసం. వీటిలో ఏదొచ్చినా నడక ఆపీడమే. ఆ కాగితం మీ దగ్గర పెట్టుకోకండి, టెంటులో మీ జోడీకి ఇచ్చీండి. ఆపమనే మాట అతనిదే, మీరు కాదనకూడదని ముందే ఒప్పుకోండి.