బ్రూక్లిన్ నైన్-నైన్‌కి మొదటి సీజన్‌లోనే అంత మంచి పేరు ఎలా వచ్చింది?

సిట్‌కామ్ పిచ్చి:
ఈ అమెరికన్ పోలీస్ స్టేషన్ సిట్‌కామ్ ఇప్పుడే మొదలుపెట్టాను, మొదటి సీజన్ మధ్యలో ఉన్నాను. కెప్టెన్ హోల్ట్ నోరు విప్పితే చాలు నవ్వు ఆగట్లేదు, కానీ డిటెక్టివ్ పెరాల్టా అల్లరి మాత్రం కొన్నిచోట్ల మరీ శ్రుతిమించినట్టుంది. 2013 సెప్టెంబర్‌లో ఫాక్స్ ఛానల్‌లో మొదలై, సీజన్ ఇంకా పూర్తి కాకుండానే 2014 జనవరిలో ఉత్తమ కామెడీ సిరీస్‌గా గోల్డెన్ గ్లోబ్ కొట్టేసింది, అదీ మోడర్న్ ఫ్యామిలీ, బిగ్ బ్యాంగ్ థియరీ పోటీలో ఉండగా. పెరాల్టాగా చేసిన ఆండీ శాంబర్గ్‌కి ఉత్తమ నటుడు కూడా. అప్పటికి విమర్శకులకి ఇందులో అంతగా ఏం నచ్చిందంటారు?

పాత స్టేషన్:
మీకు పెరాల్టా గురించి అనిపించిందే అప్పట్లో చాలామంది రాశారు. శాంబర్గ్ సాటర్డే నైట్ లైవ్ అనే స్కెచ్ కామెడీ షో నుంచి వచ్చాడు కాబట్టి, ఆ స్కెచ్‌ల అల్లరి ప్రతివారం భరించగలమా అన్న అనుమానం ఉండేది. ఆ అనుమానాన్ని తీర్చింది హోల్ట్‌గా చేసిన ఆండ్రే బ్రౌవర్. ఆయన హోమిసైడ్ అనే పోలీస్ సీరియల్‌లో డిటెక్టివ్‌గా చేసి 1998లో ఎమ్మీ టీవీ అవార్డు తెచ్చుకున్న సీరియస్ నటుడు, అలాంటి మనిషి ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా కామెడీ చేయడం రివ్యూలు రాసేవాళ్ళకి నిజంగా కొత్తగా అనిపించింది.

పైలట్‌లో, అంటే మొదటి ఎపిసోడ్‌లో, టై సంగతి మళ్ళీ ఒకసారి చూడండి. కొత్త కెప్టెన్ అందరూ టై కట్టుకోవాలంటాడు, పెరాల్టా మాట వినడు, చివరికి టై కట్టి ప్యాంటు లేకుండా స్పీడో (ఈత చెడ్డీ)తో కూర్చుంటాడు. అది మామూలు జోకే. కానీ హోల్ట్ తాను గే అని చెప్పి, అందువల్లే సొంత స్టేషన్ కోసం ఇన్నేళ్ళు ఆగాల్సి వచ్చిందని వివరించాక, ఆ టై మీద ఆయన పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఆ విషయాన్ని జోకుగా వాడుకోలేదు, పాఠంలా చెప్పలేదు, ఆ మనిషి జీవితంలో ఒక నిజంగా చూపించి కథ ముందుకెళ్ళిపోయింది. ఇరవై రెండు నిమిషాల్లో ఇంత చేయడం తేలిక కాదండీ. నా దృష్టిలో ఆ మంచి పేరంతా ఆ ఒక్క పాత్రని అంత శ్రద్ధగా రాసినందుకే వచ్చింది.

రిమోట్ నాదే:
పాత స్టేషన్ గారు చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. దీన్ని తయారుచేసిన మైకేల్ షూర్, డాన్ గోర్ ఇద్దరూ పార్క్స్ అండ్ రిక్రియేషన్ అనే సిట్‌కామ్ నుంచి వచ్చినవాళ్ళు. అది 2009లో ఆరు ఎపిసోడ్ల చిన్న సీజన్‌తో తడబడుతూ మొదలై తర్వాత అద్భుతంగా తయారైంది, అందుకే ఈ టీమ్‌కి కాస్త టైమ్ ఇవ్వాలని విమర్శకులకి తెలుసు. ఆ గోల్డెన్ గ్లోబ్ నామినేషన్లలో పార్క్స్ కూడా ఉంది, అంటే వాళ్ళ పాత షోనే దాటి గెలిచారు!

కానీ అవార్డు చూసి మరీ మురిసిపోవద్దు. కొత్త షోలంటే గోల్డెన్ గ్లోబ్ వాళ్ళకి ఎప్పుడూ మోజే. ఎమ్మీల్లో దీనికి ఉత్తమ కామెడీ సిరీస్ నామినేషన్ ఎనిమిది సీజన్లలో ఒక్కసారి కూడా రాలేదు. బ్రౌవర్‌కి నాలుగుసార్లు నామినేషన్ వచ్చింది, ఒక్కసారీ ఇవ్వలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు. రివ్యూలు ఎంత బాగున్నా రేటింగ్స్ లేక 2018 మేలో ఫాక్స్ ఆపేసింది, అభిమానులు గోల చేస్తే మర్నాడే ఎన్‌బీసీ ఛానల్ తీసుకుంది.

నైట్ డ్యూటీ:
ఒక్క మాట. అప్పటి రివ్యూల్లో పోలీసుల మీద కామెడీ తీయడం గురించి పెద్ద చర్చే లేదు. 70ల్లో బార్నీ మిల్లర్ అనే పోలీస్ స్టేషన్ సిట్‌కామ్ ఉండేది, ఆ తర్వాత నెట్‌వర్క్ టీవీలో ఇలాంటివి నిలదొక్కుకున్నవి తక్కువ, 1982లో పోలీస్ స్క్వాడ్ అనే కామెడీ అయితే ఆరు ఎపిసోడ్లకే పోయింది. కాబట్టి స్టేషన్‌లో సిట్‌కామ్ అంటే ఆఫీస్ కామెడీకి కొత్త చోటు దొరికిందన్నట్టే చూశారు. 2020లో పోలీసు చేతిలో జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత ఇదే షోని అడిగిన ప్రశ్నలు వేరు, రాసి పెట్టుకున్న నాలుగు ఎపిసోడ్లు పక్కన పడేసి చివరి సీజన్ మళ్ళీ మొదలుపెట్టారు. నాకైతే ఆ ప్రశ్నలు 2013లోనే అడగాల్సింది అనిపిస్తుంది.

సిట్‌కామ్ పిచ్చి:
నైట్ డ్యూటీ గారూ, చివరి సీజన్ సంగతి ఇంతకంటే చెప్పకండి ప్లీజ్, అక్కడిదాకా నేనే వస్తాను. టై సీన్ మళ్ళీ పెట్టుకుని చూశా. పాత స్టేషన్ గారు అన్నది అక్షరాలా నిజం, మొదటిసారి ఆ స్పీడో చూసి నవ్వుకుని హోల్ట్ మాటలు సరిగ్గా వినలేదు. హోమిసైడ్‌లో బ్రౌవర్‌ని చూడాలంటే ఏ సీజన్ నుంచి మొదలుపెట్టాలి?

పాత స్టేషన్:
మొదటి సీజన్ నుంచే. అందులో బ్రౌవర్ పాత్ర ఫ్రాంక్ పెంబుల్టన్ ఇంటరాగేషన్ గదిలోకి వెళ్ళిన సీన్లు అస్సలు వదలొద్దు.