‘నీ భారము యెహోవామీద మోపుము’: అక్కడ హీబ్రూలో ఉన్నది భారమేనా?

ప్రశ్న: కీర్తన 55:22లో ‘నీ భారము యెహోవామీద మోపుము’ అని చదువుతాం. 1 పేతురు 5:7లోనేమో ‘మీ చింత యావత్తు ఆయనమీద వేయుడి’ అని ఉంది. ఒకచోట భారం, ఒకచోట చింత. అసలు మాట ఏదండీ?

జవాబు: అసలు మాట ‘యెహావ్’. బైబిలు మొత్తంలో ఈ ఒక్కచోటే వస్తుంది, పోల్చి చూసుకోవడానికి ఇంకో వాక్యం లేదు. (హీబ్రూలో చూస్తే 23వ వచనం వెతకండి. కీర్తన పైనున్న శీర్షికనూ అక్కడ వచనంగా లెక్కపెడతారు.)

దీని అర్థం తల్మూదు (యూదు గురువుల చర్చలూ బోధలూ ఉన్న పాత గ్రంథం) పండితులకే తెలియలేదు. ఆ సంగతి వాళ్లు దాచుకోలేదు కూడా. రబ్బా బర్ బర్ హనా అనే పండితుడు చెప్పిన అనుభవం తల్మూదులో ఉంది. ఆయన మూట మోసుకుంటూ ఒక అరబ్బు వర్తకుడితో కలిసి నడుస్తున్నాడు. ఆ వర్తకుడు, ‘నీ యెహావ్ తీసి నా ఒంటె మీద వెయ్యి’ అన్నాడు. అప్పుడు తెలిసింది, యెహావ్ అంటే మోత అని! దావీదు పేరున్న ప్రార్థనలోని మాటకు అర్థం ఒంటె తోలుకుపోయే మనిషి నోట దొరికింది. నాకు ఇది ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరిస్తుంది.

అదే చోట ఇంకో ముచ్చట. యెషయా 14:23లో మనం ‘చీపురుకట్ట’ అని చదివే మాట కూడా వాళ్లకు అంతుపట్టలేదు. యూదుల పెద్ద గురువు రబ్బీ యెహూదా హన్నసీ ఇంటి పనిమనిషి తోటి పనిమనిషితో ‘చీపురు తీసుకుని ఇల్లు ఊడ్చు’ అంటుంటే విని నేర్చుకున్నారు.

మధ్యయుగపు యూదు వ్యాఖ్యాత రాషి కూడా యెహావ్‌ను ‘నీ మోత’ అనే వివరించాడు. హీబ్రూకు దగ్గరి భాషైన అరమాయికులో ‘యెహవ్’ అంటే ‘ఇచ్చాడు’ కాబట్టి ‘నీకు ఇచ్చినది, నీ వంతుకు వచ్చినది’ అని చెప్పేవాళ్లూ ఉన్నారు. పాత గ్రీకు అనువాదం దీన్ని ‘చింత’ చేసింది. పేతురు పత్రికలో కనిపించేది ఆ గ్రీకు మాటే. మీ రెండు వాక్యాల మధ్య తేడా అక్కడ వచ్చింది.

నా మటుకు ‘భారం’ చాలా బాగా కుదిరింది. తెలుగులో నెత్తిమీద గంపా భారమే, పెళ్లికెదిగిన పిల్లా భారమే అంటారు. ‘మోపుము’ దగ్గరే నాకు పేచీ. హీబ్రూ క్రియ ‘హష్లేఖ్’, అంటే పడెయ్యి, విసురు. యోసేపును అన్నలు గుంటలో పడేసినప్పుడూ, మోషే కర్రను నేల మీద పడేసినప్పుడూ ఇదే క్రియ. ‘మోపు’లో జాగ్రత్తగా సర్ది పెడుతున్నట్టుంది. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాళ్లు ఏమంటారు? ‘ఇక దేవుడి మీద భారం వేశాం’ అంటారు. ఆ ‘వేయడం’లో పెట్టడమూ ఉంది, పడెయ్యడమూ ఉంది.

ఇంకొకరి ప్రశ్న: మరి అలా పడేస్తే ఇక మన పని ఏమీ లేదనా మాస్టారూ?

జవాబు: వెంటనే వచ్చే మాట చూడండి. మనకు ‘ఆదుకొనును’ అని ఉన్నచోట హీబ్రూలో ‘యెఖల్కెలెఖా’. కరవులో యోసేపు తండ్రికీ అన్నదమ్ములకూ తిండి పెట్టి పోషించాడని చెప్పే చోట ఉన్నదీ ఈ క్రియే. అంటే రోజూ అన్నం పెట్టి నిలబెట్టడం. యూదులు రోజూ నిలబడి చేసే ‘అమీదా’ ప్రార్థనలో, రెండో ఆశీర్వచనంలో, దేవుణ్ణి బతికున్నవాళ్లను కృపతో పోషించేవాడని ఇదే క్రియతో స్తుతిస్తారు.

మూట మాయమవుతుందని ఈ వచనంలో ఎక్కడా లేదు. ఇదే కీర్తనలో కాస్త ముందు, సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం మొరపెట్టుకుంటాననీ కీర్తనకారుడు అన్నాడు. రోజుకు మూడుసార్లు ప్రార్థించడానికి తల్మూదు చూపే ఆధారాల్లో ఆ వచనం ఒకటి. భారం వేసినవాడే మూడు పూటలా వచ్చి పిలుస్తున్నాడు.