కొత్త వైరు లాగకుండ హాల్ల నుంచి వెనుక అర్రకు హెచ్‌డీ బొమ్మ: ఏ పద్ధతి నమ్మొచ్చు?

నక్కలగుట్ట, హన్మకొండ:
మాది పాత ఇల్లు, రాతి గోడలు. డీటీహెచ్ పెట్టె హాల్ల ఉన్నది. అమ్మ మోకాళ్ల నొప్పులతోని వెనుక అర్రలనే ఉంటది. హాల్ల వచ్చే బొమ్మ ఆమె టీవీల గూడ వెలగాలె. మొన్ననే రంగులేయించినం, గోడలు చెక్కుడు వద్దు. దుకాణపాయన వైర్‌లెస్ హెచ్‌డీఎంఐ జత కొనుమంటున్నడు, ఎలక్ట్రీషియనేమో కరెంటు వైరు మీదనే పంపే అడాప్టర్లు పెట్టుకోమంటున్నడు. ఎవరి మాట వినాలె?

కాజీపేట వైరింగ్:
ఎలక్ట్రీషియన్ మాటే కరెక్టు. రాతి గోడల నడుమ వైర్‌లెస్‌ను నమ్ముకోవద్దు. కాకపోతే రెండు ప్లగ్గులు ఒకే ఫేజు మీద ఉన్నయో లేవో మెయిన్ బోర్డు దగ్గర చూపించుకోండి. మూడు ఫేజుల కనెక్షనైతే హాలు ఒక ఫేజు మీద, వెనుక అర్రలు ఇంకో ఫేజు మీద ఉండొచ్చు. అడాప్టర్‌ను నేరుగ గోడ సాకెట్లనే గుచ్చండి. స్పైక్ గార్డ్ల పెడితే దాంట్ల ఉండే ఫిల్టరే సిగ్నల్‌ను తినేస్తది.

మంకమ్మతోట, కరీంనగర్:
అన్నా, ముందు బొమ్మ బరువెంతో చూద్దాం. హెచ్‌డీఎంఐల బయటికొచ్చేది పూర్తిగ విప్పిన బొమ్మ. 1080పీ, సెకనుకు 60 ఫ్రేములంటే సెకనుకు దగ్గర దగ్గర 3 గిగాబిట్ల డేటా. ఇంటి కరెంటు వైరు అంత మోయలేదు. అందుకే ఇవతల ఒక పెట్టె కుదిస్తది, అవతల ఇంకోటి విప్పుతది. ఆ పనిల కొంత ఆలస్యం తప్పదు. సీరియలైతే తేడా తెల్వది. క్రికెట్ నాడు మాత్రం హాల్ల అరుపు ముందు వినబడతది, అమ్మ టీవీల వికెట్ తర్వాత పడతది.
వైర్‌లెస్‌ల గూడ రెండు రకాలున్నయి. 60 గిగాహెర్ట్జ్‌ది గోడ దాటదు, ఒక్క గది లోపలికే. 5 గిగాహెర్ట్జ్‌ది ఇటుక గోడ దాటుతది గని రాయి దగ్గర నీరసపడతది. నన్నడిగితే అమ్మ టీవీకి స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుండ్రి. కుదించిన హెచ్‌డీకి సెకనుకు 5 నుంచి 8 మెగాబిట్లు చాలు, అంత వైఫై ఆ అర్రల వస్తే పని అయిపోతది.

నక్కలగుట్ట, హన్మకొండ:
స్టిక్ వద్దన్నా. అమ్మకు యాప్‌లు తెల్వయి, రిమోట్ల ఛానల్ నంబరు నొక్కుడే అలవాటు. ఆ అలవాటు చెడగొట్ట.

మేడిబావి, సికింద్రాబాద్:
డీటీహెచ్ రాకముందు మీ ఇంట్ల కేబుల్ టీవీ ఉండెనా? ఉంటే గోడ పైపులల్ల నల్ల కోయాక్స్ వైరు ఇంక ఉండొచ్చు. హెచ్‌డీ మోసే దారి మీ ఇంట్లనే ఉన్నట్టు. దాని మీద హెచ్‌డీఎంఐ పంపే ఎక్స్‌టెండర్లు దొరుకుతయి. మీ అమ్మ రిమోట్ సంకేతం హాల్ల పెట్టెకు తిరిగి చేర్చే ఐఆర్ సౌకర్యం ఉన్న జతే తీసుకోండి, అది లేకపోతే ఆమె ఛానల్ మార్చలేదు.
డీటీహెచ్ ఛత్రి నుంచి వచ్చే వైరును మాత్రం వాడొద్దు. దాంట్ల 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ వరకు ఛత్రి సిగ్నలే నిండి ఉంటది. కోయాక్స్ మీద డేటా పంపే మోకా అడాప్టర్లు 1125 నుంచి 1675 మధ్యల నడుస్తయి గనుక రెండూ కొట్టుకుంటయి.
ఎవరన్న ఎస్‌డీఐ కన్వర్టర్ (బొమ్మను కుదించకుండ కోయాక్స్ మీద పంపే పెట్టె) చెప్తే గూడ వినకండి. ఆలస్యం లేకుండ పంపుతది, నిజమే. కాని కాపీ చేయకుండ వేసే హెచ్‌డీసీపీ తాళం ఉన్న డీటీహెచ్ బొమ్మను అది తీసుకోదు, నల్ల తెరే కనబడతది.

కాజీపేట వైరింగ్:
పాత కోయాక్స్ చాలా ఇండ్లల్ల ఎలుకలు కొరికి ఉంటది, నడుమ ఎక్కడెక్కడ అతికిచ్చిన్రో గూడ తెల్వది. నేనైతే దాని మీద పైసలు పెట్ట.

మేడిబావి, సికింద్రాబాద్:
అందుకే కొనేముందు పరీక్ష చేయమంటున్న. రెండు కొనలు వెతికి, నడుమ వైరును రెండు మూడు దిక్కులకు పంచే స్ప్లిటరు ఉంటే తీసి జాయింటరు పెట్టండి. హాల్ల కొసన నడిమి తీగను, చుట్టూ ఉన్న అల్లికను కలిపి పట్టుకొని, అవతలి కొసన మల్టీమీటర్‌తోని చూస్తే కంటిన్యూయిటీ రావాలె. విడదీస్తే పోవాలె. అట్లొస్తే ఎక్స్‌టెండర్ జత తెచ్చుకోండి. రాకపోతే కరెంటు వైరు అడాప్టర్లే తెచ్చుకోండి, వాపసు తీసుకునే దుకాణంల.