ఫ్లోరోసిస్ పళ్ళలో ఫిల్లింగ్ అంచున గోధుమ గీత: బాండ్ మార్చాలా, పద్ధతి మార్చాలా?

ప్రశ్న (అనంతపురం నుంచి):
ఇక్కడి పల్లెల నుంచి వచ్చే పేషెంట్లలో చాలామందివి ఫ్లోరోసిస్ పళ్ళే (ఫ్లోరైడ్ ఎక్కువై మచ్చలు పడినవి). ముందు పళ్ళకు, చిగురు పక్కన అరిగిన చోట కాంపోజిట్ (పన్ను రంగు రెసిన్ ఫిల్లింగ్) పెడితే కొన్ని నెలలకే అంచు వెంబడి గోధుమ గీత పడుతోంది. ఫిల్లింగ్‌ను పన్నుకు అంటించడానికి యూనివర్సల్ బాండ్ వాడుతున్నాం, విడిగా ఎచింగ్ (యాసిడ్‌తో పన్ను పైభాగాన్ని గరుకు చేయడం) లేదు. 20 సెకన్లు రుద్ది, గాలి కొట్టి, 10 సెకన్లు లైట్ పెడుతున్నాం. మామూలు పళ్ళలో ఇంతగా రావడం లేదు. ఎందుకంటారు?

జవాబు (కడప నుంచి):
బాండ్ మార్చే పని లేదండీ, ఎచింగ్ చేర్చాలి. ఫ్లోరోసిస్ పన్ను ఎనామిల్ (పన్ను మీది గట్టి కవచం) పైపొరలో ఖనిజం ఎక్కువ, యాసిడ్‌కు ఓ పట్టాన లొంగదు. దాని కింద గుల్ల. యూనివర్సల్ బాండ్లలో ఎక్కువ వాటి పీహెచ్ 2కు పైనే, అంటే ఘాటు తక్కువ; ఆ ఆమ్లం ఈ పైపొరకు ఏ మూలకూ చాలదు. ముందు సన్న డైమండ్ బర్‌తో అంచు చుట్టూ అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఏటవాలుగా గీకి పైపొర తీసేయండి. తర్వాత 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ ఎనామిల్ మీద మాత్రమే పెట్టండి. మామూలు పన్నుకు 15 సెకన్లు, ఇక్కడ 30. మచ్చలు ముదిరితే ఇంకాస్త. ఆ యాసిడ్ జెల్ డెంటిన్ (ఎనామిల్ లోపలి పొర) మీదికి జారనివ్వొద్దు.

ఒక సంగతి: ఎచింగ్ పట్టిందా అని సుద్దలాంటి తెలుపు చూసి తేల్చుకుంటాం కదా. ఈ పళ్ళు ముందే సుద్దలా ఉంటాయి, అది చూసి మోసపోతాం. యాసిడ్ పెట్టకముందు ఆరబెట్టి మెరుపు ఎంతుందో చూసుకోండి. కడిగి ఆరబెట్టాక అంచున ఎక్కడైనా ఆ మెరుపు మిగిలితే అక్కడ మళ్ళీ పెట్టాల్సిందే.

జవాబు (కర్నూలు నుంచి):
కడప డాక్టర్ గారు చెప్పింది పై అంచుకు సరిపోతుంది. చిగురు వైపు అంచు వేరు. అక్కడ చాలాసార్లు ఎనామిలే ఉండదు, ఎచింగ్ పెంచితే లాభం లేదు. చిగురు నుంచి ఊరే తడి అసలు శత్రువు. రబ్బర్ డ్యామ్ (పన్నుకు తడి తగలకుండా కప్పే రబ్బరు షీటు) కుదరకపోతే సన్న రిట్రాక్షన్ కార్డ్ (చిగురును పక్కకు నెట్టే దారం) అయినా పెట్టండి. కాంపోజిట్ గట్టిపడేటప్పుడు రెండు మూడు శాతం కుంచించుకుంటుంది. ఒకే ముద్దగా నింపితే రెండు అంచులనూ లాగుతుంది, పట్టు తక్కువున్న చిగురు వైపే ఊడుతుంది. 2 మిల్లీమీటర్లకు మించకుండా ఏటవాలు పొరలుగా నింపండి. తడి ఆగని నోళ్ళలో ఆ అంచుకు రెసిన్ కలిసిన గ్లాస్ అయానమర్ (మరో రకం ఫిల్లింగ్ సిమెంట్) పెట్టడమే నయం.

బాండ్ మీద గాలి కొట్టేటప్పుడు ఆ పొర కదలడం ఆగేదాకా, కనీసం 5 సెకన్లు కొట్టండి. అందులోని ద్రావకం ఆరకుండా మిగిలితే బాండ్ సరిగ్గా గట్టిపడదు. ముందుగా ఆ గాలిని నోటి అద్దం మీద కొట్టి చూడండి. చెమ్మ, జిడ్డు కనబడితే కంప్రెసర్ సంగతి చూడాలి. మన ఎండలకు బాండ్ సీసా మూత తెరిచి ఉంచొద్దు, చుక్క వేసిన వెంటనే వాడండి.

ప్రశ్న అడిగినవారు:
మచ్చలకు బ్లీచింగ్ చేసిన పళ్ళకైతే?

జవాబు (కడప నుంచి):
రెండు వారాలు ఆగండి. పన్నులో మిగిలిన ఆక్సిజన్ బాండ్‌ను గట్టిపడనివ్వదు. ఇక ఇప్పటికే గీతలు పడ్డ ఫిల్లింగ్‌లను పుచ్చు అనుకుని తీసేయొద్దు. ముందు పాలిష్ చేయండి. గీత పోకుండా, అంచు కింద మెత్తగా తగిలితేనే అంతవరకు తీసి మళ్ళీ పెట్టండి.